యుద్ధంలో చితికిన కాలు, చెయ్యి: మొదటి ఆపరేషన్‌లో ఎంత కోయాలి, ఎంత వదలాలి?

#1 కొత్తకత్తి

రోడ్డు ప్రమాదాల్లో వచ్చే ఓపెన్ ఫ్రాక్చర్ల (చర్మం చీలి బయటికి తెరుచుకున్న ఎముక విరుపుల) గురించి ఎక్కడ చదివినా "శుభ్రం చెయ్యి, ఎముకని కదలకుండా కట్టు, వీలైనంత త్వరగా కప్పెయ్యి" అని ఉంటుంది. సైనికుల గాయాల దగ్గరికొచ్చేసరికి "మొదటి రోజు ఏ గాయాన్నీ కుట్టొద్దు" అంటారు. టిబియా (మోకాలి కింద ముందున్న పెద్ద ఎముక) అదే, చర్మమూ అదే. తేడా ఎక్కడుంది?

ఇంకో ప్రశ్న. బతికుందో చచ్చిందో తేలని కండని మొదటిసారే తీసెయ్యాలా, రెండోసారికి వదలాలా? తీసేస్తే కాలు పొట్టిదవుతుంది, వదిలేస్తే చీము పడుతుంది అంటారు. తెలిసినవాళ్లు కొలతలతో సహా చెప్పండి. "కేసుని బట్టి" అన్న జవాబు నా దగ్గర ఇప్పటికే ఉంది.

#2 శల్యుడు

టిబియా అదే, దాని చుట్టూ జరిగింది వేరు.

మందుపాతర మీద అడుగు పడ్డ కాలు తీసుకోండి. పేలుడు పాదాన్ని తుంచేస్తుంది, పిక్క చర్మాన్నీ పైకండనీ గొడుగులా విప్పేస్తుంది. గొడుగు విప్పుకున్న ఆ క్షణంలో మట్టి, గడ్డి, బూటు ముక్కలు, సాక్సు పోగులు, ఆ మనిషి పాదపు ఎముకల పొడి, అన్నీ టిబియా పక్క పొరల సందుల్లోంచి పైకి దూసుకుపోతాయి. మరుక్షణం గొడుగు ముడుచుకుంటుంది. బయట చూస్తే గాయం చీలమండ దగ్గర ఆగినట్టుంటుంది. లోపల సోలియస్ (పిక్కలోని లోతు కండ) మోకాలి కిందిదాకా బురద పట్టి ఉండొచ్చు. దానికి వెనకున్న గాస్ట్రోక్నీమియస్ (పిక్క పైకండ) మాత్రం తరచుగా బతికే ఉంటుంది, తర్వాత ఎముక చివర కప్పడానికి అదే పనికొస్తుంది. చర్మం చూసి కండ గురించి తీర్పు చెప్పేవాడు ఇక్కడే తప్పుతాడు.

తర్వాతిది కాలవ్యవధి. గాయం తగిలాక ఆపరేషన్ బల్ల దాకా రావడానికి గంట పట్టొచ్చు, రోజు పట్టొచ్చు. ఆ వ్యవధి మీద సర్జన్‌కి అదుపు లేదు.

అసలైన తేడా మాత్రం చేతులు మారడం. రోడ్డు ప్రమాదంలో నిన్న కోసిన డాక్టరే ఇవాళ కట్టు విప్పి చూస్తాడు. యుద్ధంలో ముందు వరస శస్త్రచికిత్స కేంద్రంలో ఒకరు కోస్తారు, విమానంలో ఇంకెవరో కనిపెట్టుకుని ఉంటారు, వెనకున్న పెద్ద ఆసుపత్రిలో మరొకరు కట్టు విప్పుతారు. కుట్టేసిన గాయం లోపల ఏం ఉడుకుతోందో మధ్యలో ఎవరికీ తెలియదు. అందుకే తెరిచి ఉంచుతాం. శుభ్రంగా ఉంటే నాలుగో రోజుకీ ఏడో రోజుకీ మధ్య, చర్మం లాగకుండా అంచులు కలిసేట్టయితేనే మూస్తాం. లాగి కుట్టాల్సి వస్తోందంటే అది చర్మం అతికించాల్సిన గాయమని అర్థం.

మినహాయింపులు ఉన్నాయి. కీలు లోపలి పొరని మొదటి రోజే మూస్తాం. అతుకేసిన రక్తనాళం మీద బతికున్న కండ కప్పుతాం. పై చర్మం రెండు చోట్లా తెరిచే ఉంటుంది.

#3 పాతకాగితం

ఈ పాఠాన్ని సైన్యాలు మర్చిపోయి మళ్లీ నేర్చుకున్న సందర్భాలు చాలా ఉన్నాయి. 1914లో యుద్ధానికి వెళ్లిన బ్రిటిష్ సర్జన్లకి అంతకుముందు తెలిసింది దక్షిణాఫ్రికా బోయర్ యుద్ధం. అక్కడ పొడి నేల, ఎక్కువగా రైఫిల్ గుండ్లు. గాయాన్ని పెద్దగా కెలక్కుండా కట్టు కట్టినా చాలావరకు మానిపోయేవి. ఫ్లాండర్స్‌లో ఎరువు తిని బలిసిన పొలాల మట్టి, ఫిరంగి గుండ్ల ముక్కలు. అదే పద్ధతి పెడితే గ్యాస్ గాంగ్రీన్ (మట్టిలోని క్రిములు కండని కుళ్లబెట్టే జబ్బు) వచ్చి మనుషులు పోయారు. బెల్జియన్ సర్జన్ ఆంట్వాన్ దెపాజ్ లాంటివాళ్లు చచ్చిన కండ అంతా తీసి, గాయం తెరిచి ఉంచి, కొన్ని రోజులాగి మూసే పద్ధతిని నిలబెట్టారు.

తొడ ఎముక విరిగినవాళ్ల సంగతి చెప్తే కత్తి ఒక్కటే చికిత్స కాదని తెలుస్తుంది. ఆ యుద్ధం మొదట్లో తుపాకీ గాయంతో తొడ ఎముక విరిగినవాళ్లలో 80 శాతం దాకా చనిపోయేవాళ్లని లెక్క చెబుతారు. థామస్ స్ప్లింట్‌ని ముందు వరసలోనే కట్టడం మొదలయ్యాక అది 20 శాతం లోపుకి వచ్చింది. ఓ ఇనప చట్రం, ఓ లాగుడు కట్టు. అంతే.

#4 రక్తబంధం

ఎంత కోయాలో మాట్లాడే ముందు, కోయించుకునేవాడు బల్ల మీద బతికుండాలి కదా.

అనస్తీషియా వైపు నుంచి వరస ఇది. ట్రానెక్సామిక్ యాసిడ్ (రక్తస్రావం తగ్గించే మందు) 2 గ్రాములు, గాయమైన మూడు గంటల్లోపే. మూడు గంటలు దాటాక ఇస్తే మేలు జరక్కపోగా రక్తస్రావం చావులు పెరిగాయని ఈ మందు మీద చేసిన క్రాష్-2 ట్రయల్ లెక్కలు చూపించాయి. దొరికితే హోల్ బ్లడ్ (భాగాలుగా విడదీయని రక్తం), లేకపోతే ఎర్రకణాలు, ప్లాస్మా, ప్లేట్‌లెట్లు ఒకటికి ఒకటి చొప్పున. మొదటి యూనిట్ రక్తంతోపాటే కాల్షియం, అంటే కాల్షియం క్లోరైడ్ 1 గ్రాము, లేదా గ్లూకోనేట్ 3 గ్రాములు. రక్తం సంచిలోని సిట్రేటు ఒంట్లోని కాల్షియాన్ని పట్టేస్తుంది, కాల్షియం తగ్గితే గడ్డ కట్టదు, గుండె బిగువూ తగ్గుతుంది. ఒళ్లు చల్లబడనివ్వకూడదు. సెలైన్ లీటర్లకి లీటర్లు ఎక్కించి బీపీ అంకె అందంగా చేసుకోవడం ఇప్పుడు ఎవరూ చెయ్యరు, చెయ్యకూడదు.

ఒళ్లు 35 డిగ్రీల కిందికి జారిపోయి, రక్తంలో ఆమ్లం పెరిగి పీహెచ్ 7.2 కిందికొచ్చి, కోసిన ప్రతిచోటా రక్తం చెమ్మలా ఊరుతుంటే ఆ పూట ఎముకలు అతికే పూట కాదు. రక్తం ఆపు, మురికి తీసెయ్, కదలకుండా కట్టు, పైకి పంపు. శల్యుడు గారు నా వైపు చూసి "ఇంకో పది నిమిషాలు" అనడం మొదలెడితే నేను గడియారం చూడటం మొదలెడతాను.

#5 కొత్తకత్తి

రక్తబంధం గారూ, టోర్నికే (రక్తం ఆపడానికి కాలికో చేతికో బిగించే పట్టీ) గురించి చెప్పలేదు. రెండు గంటలు దాటితే కాలు పోయినట్టేనా? ఎనిమిది గంటల తర్వాత వచ్చినవాణ్ని ఏం చెయ్యాలి?

#6 నాళాలపని

రెండు గంటలకి కాలు పోదు. రెండు గంటలు దాటాక నరాలకీ కండకీ నష్టం మొదలై పెరుగుతూ పోతుంది. ఆరు గంటలకి చాలావరకు కండ తిరిగిరాని స్థితికి చేరుకుంటుంది. మధ్యలో ఉన్నదంతా బేరం.

ముందు వరసలో పాటించాల్సిన పద్ధతి ఇది. రెండు గంటల లోపయితే, మనిషి షాక్‌లో లేకపోతే, కాలు పూర్తిగా తెగిపోయి ఉండకపోతే, గాయాన్ని కనిపెట్టుకుని ఉండగలిగితే, టోర్నికే తీసి ప్రెషర్ కట్టుకి మారాలి. రెండుకీ ఆరుకీ మధ్య అయితే రక్తపరీక్షలు, మానిటర్ ఉన్నచోటే విప్పాలి. ఆరు దాటాక ఆపరేషన్ థియేటర్ బయట ముట్టుకోకూడదు.

జనం తరచూ చేసే తప్పు చాలినంత బిగించకపోవడం. సిర మూసుకుపోతుంది, ధమని పారుతూనే ఉంటుంది. రక్తం లోపలికి వస్తుంది కానీ తిరిగి వెళ్లదు, గాయం మరింత కారుతుంది, కాలు ఉబ్బి కంపార్ట్‌మెంట్ సిండ్రోమ్ (కండ అరల్లో ఒత్తిడి పెరిగి కండ చావడం) తెచ్చుకుంటుంది. కింద నాడి అందనంత దాకా బిగించాలి. ఒక్కటి చాలకపోతే పక్కనే రెండోది వెయ్యాలి, గాయానికి 5 నుంచి 7 సెం.మీ. పైన, కీలు మీద పడకుండా. నొప్పి భరించలేనంత ఉంటుంది. నొప్పికి మందివ్వాలి తప్ప పట్టీ సడలించకూడదు. "కాసేపు వదిలి మళ్లీ బిగించడం" అనే పాత సలహా ఇంకా ఎక్కడైనా కనిపిస్తే చింపెయ్యండి. వదిలిన ప్రతిసారీ కొంత రక్తం పోతుంది, గడ్డకట్టింది కదిలిపోతుంది.

#7 రక్తబంధం

ఎనిమిది గంటలది నేను చెప్తాను, అది మా గుండెలు గుబగుబలాడే కేసు.

పైనుంచి డ్రోన్లు తిరుగుతుంటే గాయపడ్డవాణ్ని బయటికి తేవడానికి గంటలు కాదు, కొన్నిసార్లు రోజులు పడుతోంది. ఉక్రెయిన్ యుద్ధం ఈ సమస్యని మళ్లీ ముందుకి తెచ్చింది. ముందు కాలు చూడండి. టోర్నికే కింద కండ గట్టిగా బిగుసుకుపోయి, చీలమండ, వేళ్లు మీరు వంచినా వంగకపోతే ఆ కండ అయిపోయింది. అలాంటి కాల్లోకి రక్తం వదిలితే చచ్చిన కండలోని పొటాషియం, మయోగ్లోబిన్ (కండలోని ప్రోటీన్), ఆమ్లం ఒక్కసారిగా గుండెకీ మూత్రపిండాలకీ వస్తాయి. అక్కడ టోర్నికే విప్పకుండా, దానికి పైనుంచి కాలు తీసెయ్యడమే ప్రాణం కాపాడే దారి.

వేళ్లు ఇంకా వంగుతున్నాయి, కండ మెత్తగానే ఉంది అంటే విప్పి చూడొచ్చు. విప్పే ముందే సిద్ధం చేసుకునేవి: ఈసీజీ తెర మీద ఉండాలి, పొటాషియం లేని ద్రవం ఎక్కుతూ ఉండాలి, కాల్షియం సిరంజిలో నింపి ఉండాలి (గ్లూకోనేట్ 10 శాతం 30 మి.లీ.), ఇన్సులిన్ 10 యూనిట్లు, దానికి తోడు 50 శాతం గ్లూకోజు 50 మి.లీ. ఈసీజీలో టీ తరంగం నిటారుగా లేచినా, క్యూఆర్ఎస్ వెడల్పయినా (పొటాషియం పెరిగిందని గుర్తు) మళ్లీ బిగించండి, కాల్షియం ఇవ్వండి. తర్వాత మూత్రం టీ డికాషన్ రంగులో వస్తే గంటకి 100 నుంచి 200 మి.లీ. వచ్చేలా ద్రవాలు నడపాలి.

#8 శల్యుడు

ఇక కోత సంగతి.

మొదట ఒళ్లంతా చూడండి. పేలుడులో కాలే కనిపిస్తుంది, కానీ వృషణాలు, పిరుదులు, మలద్వారం దగ్గర ఉన్న చిన్న రంధ్రం మనిషిని చంపుతుంది. కాలు మొత్తం సబ్బు నీళ్లు, బ్రష్షుతో కడిగి, అప్పుడు మందు పూసి గుడ్డలు కప్పండి. టోర్నికే ఇంకోటి పైన సిద్ధంగా ఉంచుకోండి. కానీ కండ బతికుందో లేదో చూసేటప్పుడు అది వదిలి ఉండాలి. బిగించి ఉంచితే ఏ కండా కారదు, అన్నీ చచ్చినట్టే కనిపిస్తాయి.

చర్మం కోత కాలి పొడుగునా సాగాలి. కీలు దాటాల్సి వస్తే వంకరగా తిప్పండి. చర్మం అంచు 1 నుంచి 2 మి.మీ. మించి తియ్యనక్కర్లేదు, చర్మం మొండి ప్రాణం, త్వరగా చావదు. దాని కిందున్న కొవ్వు అలా కాదు, మురికి పట్టిన కొవ్వుని మొహమాటం లేకుండా తీసెయ్యండి. కండ మీది పొరని చర్మం కోత కన్నా ఎక్కువ పొడుగు చీల్చాలి. ఇది చెయ్యకపోతే లోపల వాచిన కండ బిగుసుకుని చస్తుంది, మీరు రేపు దాన్ని తీస్తూ "నిన్న బాగానే ఉందే" అనుకుంటారు.

కండకి నాలుగు పరీక్షలు: రంగు, గట్టిదనం, గిచ్చితే ముడుచుకోవడం, కోస్తే కారడం. కొరియా యుద్ధం నుంచి ఈ నాలుగూ నడుస్తున్నాయి. నాలుగింటిలో రంగుని అన్నిటికన్నా తక్కువ నమ్మండి, దీపాన్ని బట్టి మారిపోతుంది. గిచ్చినప్పుడు ముడుచుకుని, కోసినచోట చిన్న చుక్కలుగా రక్తం వస్తే అది మనది.

ఎముక ముక్క ఏ కండకీ అంటుకోకుండా వదులుగా చేతికొస్తే పారెయ్యండి. తర్వాత ఖాళీ పూడ్చే మార్గాలున్నాయి, చచ్చిన ఎముకలో చేరిన చీముని పూడ్చే మార్గం లేదు. కీలు ముఖం ఉన్న పెద్ద ముక్క మాత్రం కడిగి ఉంచండి. తెగిన నరాన్ని మొదటి రోజు కుట్టొద్దు. రెండు చివరలూ ఎక్కడున్నాయో రాసి, రంగు దారంతో గుర్తు పెట్టి కండకి తగిలించండి.

కడగడానికి నీళ్లు: చిన్న గాయానికి 3 లీటర్లు, మధ్యదానికి 6, పేలుడు గాయానికి 9 లేదా ఆపైన. సెలైన్ సంచీ ఎత్తున కట్టి గొట్టంతో వదిలితే చాలు. పంపుతో గట్టిగా కొడితే మురికి కండలోకి దిగుతుంది. ఓపెన్ ఫ్రాక్చర్లని కడగడం మీద 2015లో వచ్చిన ఫ్లో ట్రయల్‌లో ఒత్తిడి పెంచినందువల్ల లాభం కనిపించలేదు, సబ్బు ద్రావణంతో కడిగినవాళ్లకి మాత్రం మళ్లీ ఆపరేషన్లు ఎక్కువ పడ్డాయి.

ఆఖరికి వదులుగా, మెత్తగా గాజుగుడ్డ పరవండి. సీసాకి బిరడా కొట్టినట్టు కుక్కితే చీము బయటికి రాదు.

#9 రెండోచూపు

శల్యుడు గారితో ఒక చోట పేచీ ఉంది. ఆ నాలుగు పరీక్షలూ పాఠంలో చెప్పినంత నమ్మకమైనవి కావు. సర్జన్ "చచ్చింది" అని తీసిన కండని మైక్రోస్కోపు కింద పెట్టి చూసినప్పుడు చాలా నమూనాల్లో కండ మామూలుగానో, కాస్త వాపుతోనో ఉన్నట్టు తేలింది. షాక్‌లో ఉన్నవాడి కండ కారదు, రక్తం ఎక్కించాక కారుతుంది. మొదటి రాత్రి, బీపీ 80 ఉన్నప్పుడు, అనుమానపు కండనంతా తీసేస్తే మీరు తీసేది షాక్‌ని, కండని కాదు.

నా వరస ఇలా ఉంటుంది: మట్టి పట్టింది, చీకిపోయింది, గిచ్చినా కదలనిది మొదటిసారే పోవాలి. మురికి లేకుండా, అనుమానంగా మాత్రమే ఉన్నది 24 నుంచి 48 గంటల్లో రెండోసారి చూసేదాకా ఉండొచ్చు. పేలుడు గాయం రోజుకి రోజు మారుతూ ఉంటుంది కాబట్టి ఒక్కసారితో పని అయ్యే ప్రశ్నే లేదు.

#10 శల్యుడు

ఒప్పుకుంటాను, ఒక షరతు మీద. 48 గంటల్లో మళ్లీ చూడగలమన్న ఖాయం ఉన్నప్పుడే మీ పద్ధతి. విమానం రెండు రోజులు ఆగిపోయే చోట, ఒకే సర్జన్ దగ్గరికి యాభై మంది ఒకేసారి వచ్చిపడే చోట అనుమానం ఉన్న కండని తీసెయ్యడమే. కొత్తకత్తి గారడిగిన "ఎంత కోయాలి"కి నా జవాబు కండలో లేదు. రెండోసారి కత్తి పట్టేది ఎవరు, ఎప్పుడు అన్నదాంట్లో ఉంది.

#11 రెండోచూపు

ఆ షరతుకి సంతకం పెడుతున్నా.

#12 నాళాలపని

ధమని తెగినప్పుడు వరస తారుమారు చేసేవాళ్లు ఎక్కువ. ముందు ఎముక కడదామా, నాళం కుడదామా అని వాదిస్తూ గంట గడిపేస్తారు. వాదన అక్కర్లేదు. ముందు షంట్ (తెగిన రెండు చివరల్నీ తాత్కాలికంగా కలిపే గొట్టం).

తెగిన రెండు చివరలూ రబ్బరు లూపులతో పట్టుకోండి. 3 నంబరు ఫోగర్టీ కాథెటర్ (కొనకి బెలూనున్న సన్న గొట్టం) కిందికి పంపి గడ్డలు లాగండి, కింద నుంచి వెనక్కి రక్తం రావాలి. హెపారిన్ (రక్తం గడ్డకట్టనివ్వని మందు) కలిపిన సెలైన్ కిందికి కొట్టండి. ఆపైన షంట్ గొట్టం రెండు వైపులా దూర్చి సిల్కు దారంతో కట్టెయ్యండి. దారం పడ్డచోట ధమని లోపలి పొర నలిగిపోతుంది, రేపు అతికేటప్పుడు ఆ ముక్క తీసెయ్యాలి. అందుకే ఇవాళ అంచులు చక్కదిద్దుతూ ధమని పొడవు పారేసుకోకండి. తొడ, మోకాలి వెనక ఉన్న పెద్ద సిర తెగితే దానికీ షంట్ వెయ్యొచ్చు. రక్తం తిరిగి వెళ్లే దారి లేకపోతే లోపలికి పంపిన రక్తం వాపే అవుతుంది.

షంట్ లోంచి రక్తం పారుతుండగా ఎక్స్‌టర్నల్ ఫిక్సేటర్ (ఎముకని పిన్నులతో బయటినుంచి పట్టి ఉంచే చట్రం) బిగించండి. ఎముక అసలు పొడవుకి వచ్చాకే సిర ముక్కతో అతుకు. ముందు నాళం అతికి తర్వాత ఎముక లాగితే అతుకు తెగుతుంది, లేదా పొడవెక్కువై మెలి తిరుగుతుంది. సిర ముక్కని గాయం లేని కాలి నుంచి తియ్యాలి. గాయపడ్డ కాల్లో లోతు సిరలు పోయి ఉంటే పై సిరే మిగిలిన దారి, దాన్ని కోసుకుంటే ఎలా? సిరని తలకిందులు చేసి అతకడం మర్చిపోవద్దు, లేకపోతే కవాటాలు అడ్డం పడతాయి. మురికి గాయంలో సింథటిక్ గొట్టం పెట్టకపోవడమే మంచిది. పెట్టిన అతుకు పైన కండ లేకుండా వదిలితే ఎండిపోయి ఒక రాత్రి పేలుతుంది.

#13 పాతకాగితం

నాళాలపని గారి మాటకి అంకెలు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికన్ సైన్యపు 2,471 ధమని గాయాల్ని డెబేకీ, సిమియోన్ 1946లో లెక్క తీశారు. కుట్టి అతకడానికి ప్రయత్నించినవి 81 మాత్రమే. మిగతావాటిలో ఎక్కువభాగం కట్టేసినవే. అలా కట్టేసినవాళ్లలో దాదాపు సగం మందికి కాలో చెయ్యో పోయింది. కొరియాలో అతకడం మామూలయ్యాక అది 13 శాతం దగ్గరికొచ్చింది. వియత్నాంలోనూ అంతే. అన్నిటికన్నా మొండిది మోకాలి వెనక ఉండే పాప్లిటియల్ ధమని.

#14 కొత్తకత్తి

ఫేషియాటమీ (ఒత్తిడి తగ్గించడానికి కండ అరల పొరని చీల్చడం)? నాడి బాగానే అందుతుంటే ఆగొచ్చా?

#15 నాళాలపని

నాడి చూసి ఆగొద్దు. కంపార్ట్‌మెంట్ లోపలి ఒత్తిడి 40 ఉంటే కండలోని సన్న నాళాలు మూసుకుపోతాయి, 120తో పారే ధమని మాత్రం చక్కగా కొట్టుకుంటూనే ఉంటుంది. నాడి పోయేసరికి కండ ఎప్పుడో పోయింది. డయాస్టోలిక్ బీపీలోంచి లోపలి ఒత్తిడి తీసేస్తే 30 కన్నా తక్కువ మిగిలితే తెరవాలి. షాక్‌లో డయాస్టోలిక్ తక్కువ కాబట్టి వాళ్లకి ఇంకా త్వరగా వస్తుంది. మెలకువలో ఉన్నవాడికి వేళ్లు వెనక్కి వంచితే ప్రాణం పోయే నొప్పి, అదే మొదటి గుర్తు. గొట్టం వేసి మత్తులో ఉంచిన మనిషి ఆ మాట చెప్పలేడు. నాళం అతికాక, గంటల తరబడి టోర్నికే ఉన్నాక, విమానం ఎక్కించబోతున్నప్పుడు అనుమానం ఉంటే ఆపరేషన్ బల్ల మీదే తెరిచి పంపండి.

పిక్కలో రెండు కోతలు, నాలుగు అరలు. బయటి కోత ఫిబులాకి (టిబియా పక్కన బయటివైపున్న సన్న ఎముకకి) 2 సెం.మీ. ముందు. ఫిబులా తలకి మూడు వేళ్లు కింద మొదలెట్టండి, పైన కామన్ పెరోనియల్ నరం చుట్టుకుని ఉంటుంది. పొర మీద చిన్న అడ్డకోత పెడితే రెండు అరల మధ్య గోడ కనిపిస్తుంది. గోడకి చెరోపక్క కత్తెర పైకీ కిందికీ నడపండి, కొన గోడకి దూరంగా తిప్పి, కింది మూడో వంతులో సూపర్‌ఫిషియల్ పెరోనియల్ నరం పొర దాటి బయటికొస్తుంది కాబట్టి. లోపలి కోత టిబియా అంచుకి 2 సెం.మీ. వెనక. పెద్ద సఫీనస్ సిరని ముందుకి తప్పించండి. అక్కడ కనిపించేది వెనక పై అర. లోతు అర కావాలంటే సోలియస్‌ని టిబియా నుంచి విడదీయాలి. పోస్టీరియర్ టిబియల్ నాళాలూ నరమూ కళ్లకి కనిపిస్తేనే లోతు అర తెరుచుకున్నట్టు.

జనం వదిలేసే అరలు రెండు: ముందుది, వెనక లోతుది. ముందుది ఎందుకంటే, కోత బాగా వెనక్కి పడి, బయటి అరలోనే రెండుసార్లు తిరిగి రెండూ తెరిచామనుకుంటారు. కోత పొడవు తక్కువలో తక్కువ 15 నుంచి 18 సెం.మీ., పేలుడు గాయానికి ఇంకా పొడుగు. చిన్న కోతలోంచి చర్మమే బిగుతు పట్టీ అవుతుంది. చేతికి అయితే మణికట్టు సొరంగం దాకా విప్పాలి.

ఇంకో వైపు కూడా చెప్పాలి. చర్మం తెగని కాలు, గంటల క్రితమే చచ్చిపోయిన కండ, అలాంటిచోట ఆలస్యంగా తెరిస్తే లాభం లేదు. మూసి ఉన్న చచ్చిన కండకి సూక్ష్మజీవుల్ని మనమే పరిచయం చేసినట్టవుతుంది.

#16 సూక్ష్మదర్శిని

యాంటీబయోటిక్ కత్తికి బదులు కాదు, అయినా గంటల్లో లెక్క. సెఫజోలిన్ 2 గ్రాములు, గాయమైన మూడు గంటల్లోపు, ఆపైన ప్రతి 8 గంటలకి. ఆపరేషన్ 4 గంటలు దాటినా, లీటరున్నర రక్తం పోయినా మళ్లీ ఒక మోతాదు. టెటనస్ టీకాతోపాటు, ముందు టీకాలు పడ్డట్టు తెలియకపోతే ఇమ్యునోగ్లోబులిన్ 250 యూనిట్లు, వేరే చోట పొడిచి. మొదటి రోజే పెద్ద మందులన్నీ పోయడం వల్ల లొంగని క్రిముల్ని పెంచుకోవడమే మిగులుతుంది. ఇరాక్ నుంచి వచ్చిన గాయాల్లో అసినెటోబాక్టర్ అనే మొండి క్రిమి తెచ్చిన తలనొప్పి గుర్తుంచుకోండి. మొదటి రోజు గాయం నుంచి స్వాబ్ పంపొద్దు. అక్కడ పెరిగేదీ తర్వాత చీము పట్టించేదీ ఒకటి కాదు.

ఫంగస్ గురించి ప్రత్యేకంగా. అఫ్ఘానిస్తాన్‌లో కాలినడకన వెళ్తూ పేలుడుకి గురై, మోకాలి పైన కాలు పోయి, 20 యూనిట్లకి పైగా రక్తం ఎక్కినవాళ్లలో ఇది ఎక్కువగా కనిపించింది. సరిగ్గా శుభ్రం చేసిన గాయంలో రెండోసారి, మూడోసారి చూసినప్పుడూ కొత్తగా కండ చస్తూ పోతుంటే "నిన్న సరిగా తియ్యలేదు" అని సర్జన్‌ని తిట్టే ముందు బతికున్న, చచ్చిన కండ కలిసే అంచు నుంచి ముక్క తీసి పాథాలజీకీ కల్చర్‌కీ రెండింటికీ పంపండి. గాజుగుడ్డని 0.025 శాతం డేకిన్ ద్రావణంతో (బాగా పలచని బ్లీచుతో) తడపండి. లైపోసోమల్ యాంఫోటెరిసిన్ కిలోకి 5 మి.గ్రా., దానితో వోరికోనజోల్. వోరికోనజోల్ ఒక్కటే ఇస్తే మ్యూకర్ (దానికి లొంగని ఫంగస్) నవ్వుకుంటుంది.

#17 రెండోచూపు

వాక్యూమ్ కట్టు (గాయంలో స్పాంజి పెట్టి యంత్రంతో పీల్చే కట్టు) గురించి ఎవరూ ఎత్తలేదు కాబట్టి రెండు ముక్కలు. మైనస్ 125 మి.మీ. దగ్గర పెడతారు. కింద బయటపడ్డ నాళం, అతుకు ఉంటే స్పాంజి నేరుగా పెట్టొద్దు. యంత్రం ఆగి రెండు గంటలు దాటితే స్పాంజి తీసేసి మామూలు తడి గాజుగుడ్డ పెట్టండి, ఆగిన స్పాంజి చీము సంచిలా మారుతుంది. ఎన్ని స్పాంజి ముక్కలు లోపల ఉన్నాయో పైన ప్లాస్టిక్ మీద మార్కర్‌తో రాయండి. విప్పేవాడు మీరు కాదు.

#18 నడకబడి

కృత్రిమ కాళ్లు అమర్చే వైపు నుంచి సర్జన్లకి ఒక విన్నపం. కాలు తీసెయ్యక తప్పకపోతే పాత చిత్రాల్లోలా గుండ్రంగా, ఒకే మట్టంలో నరికెయ్యకండి. బతికున్న ప్రతి చర్మం ముక్క, కండ ముక్క ఏ ఆకారంలో ఉన్నా ఉంచండి. అవి అందంగా ఉండక్కర్లేదు. చివర తెరిచే ఉంచి, చర్మం వెనక్కి ముడుచుకోకుండా కిలో, రెండు కిలోల బరువుతో లాగుడు కట్టు పెడితే తర్వాత మూసే సర్జన్ వాటితోనే ఎముకని కప్పుతాడు.

ఎందుకు అంత పట్టుదల అంటే, మోకాలు మిగిలినవాడు నడవడానికి మామూలు మనిషి కన్నా సుమారు నాలుగో వంతు శక్తి ఎక్కువ ఖర్చు పెడతాడు. మోకాలు పోయినవాడికి సగానికి పైన. టిబియా కీలు గీత కింద 12 నుంచి 15 సెం.మీ. ఉంటే మాకు పండగ. 5, 6 సెం.మీ. ఉన్నా, మోకాలి చిప్ప కింది స్నాయువు అంటుకుని ఉంటే పని నడుస్తుంది. ఆఖరికి మూసేటప్పుడు టిబియా ముందు అంచుని ఏటవాలుగా అరగదీయండి, లేకపోతే సాకెట్‌లో (కృత్రిమ కాల్లో మోడు దూరే గిన్నెలో) అది కత్తిలా కోస్తుంది. ఫిబులా ఒకటి రెండు సెం.మీ. పొట్టిగా ఉండాలి. కండని ఎముకకి రంధ్రాలు పెట్టి కుట్టండి. తొడలో ముఖ్యంగా లోపలి కండ అడక్టర్ మాగ్నస్‌ని బిగించకపోతే తొడ ఎముక బయటికి తిరిగిపోయి మనిషి కుంటుతాడు.

నరాన్ని మెల్లగా కిందికి లాగి, పదునైన కత్తితో ఒక్క వేటుకి కోసి వదిలితే మెత్తటి కండలోకి వెళ్లిపోతుంది. సయాటిక్ నరంలో దాని సొంత నాళం ఉంటుంది, అది కట్టకపోతే కారుతుంది. నరం చివర గడ్డ ఎలాగూ కడుతుంది. సాకెట్ ఒత్తే చోట కట్టకూడదు, అంతే. ఇప్పుడు తెగిన నరాన్ని దగ్గరి కండలోని చిన్న నరానికి కలిపే పద్ధతీ వచ్చింది, అది నొప్పికీ మేలు చేస్తోంది.

పేలుడు వల్ల పోయిన కాళ్లలో మోడు చివర కండలో ఎముక మొలవడం చాలా ఎక్కువ. అందరికీ తియ్యనక్కర్లేదు. సాకెట్ మార్చి చూసి, అప్పటికీ చర్మం చిరుగుతుంటేనే తియ్యాలి.

#19 కొత్తకత్తి

మరి తీసెయ్యాలా, నిలబెట్టాలా అన్నది ఎలా తేలుస్తారు? మెస్ స్కోరు (కాలి గాయం ఎంత తీవ్రమో చెప్పే అంకె) 7, ఆపైన ఉంటే తీసెయ్యమంటారు కదా?

#20 శల్యుడు

మెస్ స్కోరు 1990 నాటిది, మామూలు ప్రమాదాల మీద కట్టింది. సైనికుల గాయాల్లో అది అంత బాగా పనిచెయ్యలేదు, 7, ఆపైన ఉన్న కాళ్లు నిలిచాయి, తక్కువున్నవి పోయాయి. అంకె చూసి కాలు తియ్యొద్దు. అరికాల్లో స్పర్శ లేదని కూడా తియ్యొద్దు. తీవ్రంగా గాయపడ్డ కాళ్ల మీద చేసిన లీప్ అధ్యయనంలో మొదటి రోజు అరికాలి స్పర్శ లేని, నిలబెట్టిన కాళ్లలో సుమారు సగం మందికి రెండేళ్లకి అది తిరిగొచ్చింది.

మొదటి రోజు తీసేది మూడు సందర్భాల్లో: కాలు అప్పటికే తెగి వేలాడుతుంటే, కండ మొత్తం చచ్చి ఉంటే, కాలు ఉంచితే ప్రాణం నిలవకపోతే. మిగతావన్నీ వెనక ఆసుపత్రిలో, ఆ సైనికుడు మెలకువతో తానే మాటలో పాలు పంచుకున్నాక.

#21 నడకబడి

ఆ మాట పట్టుకుని "ఎలాగైనా కాలు నిలబెట్టడమే గెలుపు" అనుకోకండి. 2013లో వచ్చిన మెటల్స్ అధ్యయనంలో 324 మంది సైనికుల్ని చూస్తే, కాలు నిలబెట్టుకున్నవాళ్ల కన్నా తీయించుకున్నవాళ్లే పనిలో, ఆటలో మెరుగ్గా ఉన్నారు. అయితే ఎవరికి ఏది చెయ్యాలో చీటీ వేసి తేల్చలేదు కాబట్టి అందులో ఎంపిక పక్షపాతం ఉండొచ్చు. పైగా కాలు నిలిచినవాళ్ల కోసం ఐడియో అనే కార్బన్ ఫైబర్ ఆర్థోసిస్, దానితో పాటు నేర్పే శిక్షణ వచ్చాక కొందరు మళ్లీ పరిగెత్తగలిగారు. ఎముకలో ఖాళీ ఉంటే ఇలిజారోవ్ చట్రంతో రోజుకి 1 మి.మీ. చొప్పున, అదీ నాలుగు విడతలుగా పావు మి.మీ. జరుపుతూ పూడ్చాలి. 8 సెం.మీ. ఖాళీ అంటే జరపడానికే 80 రోజులు, గట్టిపడటానికి దానికి రెండింతలు పడుతుంది. ఆ లెక్క సైనికుడికి ముందే చెప్పాలి.

#22 కొత్తకత్తి

ఆఖరి ప్రశ్న. ఎక్స్‌రే మానిటర్ లేని చోట ఫిక్సేటర్ పిన్నులు సరిగ్గా దిగాయని ఎలా తెలుస్తుంది?

#23 శల్యుడు

చేతికి తెలుస్తుంది. టిబియాకి లోపలి ముందు ముఖం మీద, 5 మి.మీ. పిన్ను, ముందు 3.5 మి.మీ. డ్రిల్లు. మొదట గట్టిగా తగులుతుంది, తర్వాత ఒక్కసారి వదులవుతుంది, మళ్లీ గట్టిగా తగులుతుంది. ఆ రెండో గట్టి గోడ దాటి రెండు మరలు చాలు. రెండో గట్టిదనం తగలకపోతే పిన్ను ఎముక అంచున జారింది, తీసి పక్కన వెయ్యండి. డ్రిల్లు తిప్పుతూ సెలైన్ పోస్తూ ఉండండి, వేడికి చచ్చిన ఎముకలో పిన్ను పది రోజుల్లో వదులై చీము కారుతుంది.

విరిగిన చోటుకి చెరోవైపు రెండు పిన్నులు, ఒకటి విరుపుకి దగ్గరగా, ఒకటి దూరంగా. దగ్గరగా అంటే గాయంలో కాదు, మురికి లేని చర్మంలోంచి. మోకాలి దగ్గర పిన్ను కీలు గీతకి కనీసం 14 మి.మీ. కింద ఉండాలి, అంతకన్నా దగ్గరికి పోతే కీలు సంచిలోకి దిగుతుంది. తర్వాత వచ్చే ప్లాస్టిక్ సర్జన్ ఫ్లాప్ (గాయం కప్పడానికి తిప్పే చర్మం, కండ ముక్క) ఎక్కడి నుంచి తిప్పుతాడో ఊహించి ఆ దారి ఖాళీగా వదలండి. కడ్డీ చర్మానికి రెండు వేళ్లు ఎత్తున బిగించండి, రేపటి వాపుకి చోటుండాలి.

#24 రక్తబంధం

పంపే ముందు కట్టు మీద పెద్ద అక్షరాలతో: గాయం సమయం, టోర్నికే బిగించిన, విప్పిన సమయం, షంట్ ఉందా, ఎక్కడ, ఏ అరలు తెరిచారు, లోపల ఎన్ని గాజుగుడ్డలు. ఫైలు వేరే విమానంలో వెళ్తుంది. కట్టు కాలితోపాటే వెళ్తుంది.

#25 నాళాలపని

షంట్ ఉన్న చోట బాణం గుర్తు కూడా.